పాత పడవ, కొత్త పడవ: మనవడు అడిగిన ప్రశ్న



పోయిన వారం మన గ్రూపులో పడవల మీద జరిగిన వాదన అందరూ చదివే ఉంటారు. ఫైబరు బోట్లు వచ్చి సముద్రం పనివాళ్ళ బతుకు పాడుచేశాయని ఒకరు రాశారు. తెప్ప మీద తడిసి చచ్చే రోజులు మళ్ళీ రావాలా అని ఇంకొకరు కోప్పడ్డారు. ఇద్దరూ మనవాళ్ళే, ఇద్దరూ మంచి మనసుతోనే రాశారు. మేము ఆ రోజు ఏమీ రాయలేదు. రాయకపోవడానికి కారణం ఉంది. ఈ విషయంలో మా చేత్తో జరిగిన పని ఒకటి ఇరవై ఏళ్ళుగా మనసులో ఉంది. అది చెప్పకుండా తీర్పు చెప్పడం న్యాయం కాదు. ఈసారి కాస్త పొడుగుగా రాస్తున్నాము, ఓపికగా చదవండి.

ఇది మొదలైంది మా మనవడితో. వాడు ఫ్లోరిడాలో ఉంటాడు. సెలవులకు వచ్చినప్పుడు ఫోనులో ఒక వీడియో చూపించాడు. చెరువులో మోటారు బోటు దూసుకుపోతుంది, వెనక తాడు పట్టుకుని కాళ్ళకు పలక కట్టుకున్న మనిషి నీళ్ళ మీద జారుతూ వస్తాడు. వాటర్ స్కీయింగ్ అంటారట. 1922లో మిన్నెసోటాలో పెపిన్ అనే సరస్సు మీద రాల్ఫ్ శామ్యూల్సన్ అనే కుర్రవాడు మొదలుపెట్టిన ఆట. ఇప్పుడు దానికి పోటీలు, కొలతలు, రూళ్ళు అన్నీ ఉన్నాయి. స్లాలం అనే పోటీలో బోటు నడిమధ్య తిన్నగా పోవాలి, వెనక మనిషి అటు మూడు ఇటు మూడు, ఆరు బుడ్డీలు చుట్టి రావాలి. మగవాళ్ళకు బోటు వేగం గంటకు 58 కిలోమీటర్లు, ఆడవాళ్ళకు 55, అంతకు మించకూడదు. ఆ వేగంలో గెలిస్తే తాడు పొట్టి చేస్తారు. ఇంకా గెలిస్తే ఇంకా పొట్టి చేస్తారు.

ఆ ఆటకు మొదట్లో మామూలు మోటారు బోట్లే వాడారు. వాటి వెనక పెద్ద అల లేచేది. అల దాటేటప్పుడు మనిషి ఎగిరి పడతాడు. అందుకని ఇంజను వెనక పెట్టకుండా బోటు నడుమ పెట్టారు, బరువు సమంగా పరుచుకుంటుందని. అడుగు భాగం మళ్ళీ మళ్ళీ మార్చి అల చిన్నదయ్యేలా చేశారు. వెనక మనిషి పక్కకు లాగినా బోటు దారి తప్పకుండా అడుగున రెక్కలు పెట్టారు. వెనకటికి వేగం డ్రైవరు చేతిలో ఉండేది, ఇప్పుడు జీపీఎస్ చూసుకుంటుంది. విచిత్రం ఏమంటే, వేక్‌బోర్డ్ అనే ఇంకో ఆటకు పెద్ద అలే కావాలి. దానికి బోటులో నీళ్ళ ట్యాంకులు పెట్టి, ఇంజను వెనక్కి జరిపి, కావాలనే వెనక భాగం బరువు చేస్తారట. ఒక ఆటకు పనికొచ్చే బోటు ఇంకో ఆటకు చెడ్డ బోటు.

వాడు ఇదంతా చెప్పి, "తాతా, పాత బోటు మంచిదా, కొత్త బోటు మంచిదా? మీ సముద్రంలో ఏది?" అని అడిగాడు. మేము జవాబు చెప్పలేకపోయాము. ఇంటావిడ మా ముఖం చూసి ఊరుకుంది. ఆమెకు తెలుసు.

ముందు మన తీరం సంగతి. చెన్నపట్నం నుంచి పైకి పళవేర్కాడు, నెల్లూరు, ఇంకా పైకి పూరీ దాకా ఒడ్డున ఇసుక, ఆ ఇసుక మీద ఏడాది పొడుగునా విరిగే అల. పెద్ద పడవ ఒడ్డు చేరడానికి అడ్డు లేని చోటు దొరకడం కష్టం. మద్రాసులో హార్బరు కట్టడం 1870ల్లో మొదలుపెట్టారు, 1881 తుపానులో అది కూడా దెబ్బతింది. అంతకుముందు ఓడలు దూరంగా నీళ్ళలో లంగరు వేసుకుని ఉంటే, మనుషులనూ సరుకునూ మసూలా పడవల మీద ఒడ్డుకు తెచ్చేవారు. ఆ పడవకు మేకు ఉండదు. పలకలను కొబ్బరి పీచు తాడుతో కుట్టేవారు. లోపల గట్టి ఎముకల్లాంటి కొయ్యలు కూడా ఉండవు. అల కొట్టినప్పుడు, ఇసుకకు తగిలినప్పుడు పడవ వంగుతుంది, విరగదు. బిగువుగా మేకులు కొట్టిన దొరల పడవ అదే చోట పగిలిపోయేది.

తెప్ప ఇంకా సులువు. అరవంలో కట్టుమరం, అంటే కట్టిన మాను. తేలికైన మానులు మూడో నాలుగో ఐదో పక్కపక్కన పేర్చి ముందూ వెనకా తాడుతో కడతారు. అది మునగదు. పడవ తేలేది లోపల గాలి ఉండడం వల్ల, నీళ్ళు నిండితే మునుగుతుంది. తెప్పకు లోపలనేదే లేదు, కొయ్యే తేలుతుంది. అల మీదికి వస్తే నీళ్ళు మానుల సందుల్లోంచి జారిపోతాయి. తిరగబడితే మళ్ళీ తిప్పుకుని ఎక్కుతారు. ఒడ్డుకు వచ్చాక తాళ్ళు విప్పి మానులు విడివిడిగా ఇసుక మీద ఆరబెడతారు. ఆరబెట్టకపోతే నీళ్ళు పీల్చి బరువెక్కుతాయి. చిన్న తెప్ప అయితే మనిషికో మాను భుజాన వేసుకుని రెండు మూడు నడకల్లో పైకి చేర్చేవాళ్ళు. దీన్ని నడపడానికి తెడ్డు, ఒక తెరచాప, రెండు చేతులు చాలు.

ఈ కట్టుమరం పేరే ఇంగ్లీషులోకి కాటమరాన్ అయి పోయింది. 1697లో డాంపియర్ అనే నావికుడు తన పుస్తకంలో ఆ మాట వాడాడు. తర్వాత ఆ పేరు తెల్లవాళ్ళ రెండు పొట్టల పడవకు అంటుకుంది. 1876లో న్యూయార్కు పోటీలో హెరెషాఫ్ అనే ఆయన అలాంటి రెండు పొట్టల పడవతో అందరినీ దాటేస్తే, తర్వాత ఆ పడవను పోటీల్లోంచి తీసేశారు. దానికీ మన తెప్పకూ పేరు తప్ప చుట్టరికం లేదు. మన మాట ఎక్కడికి పోయిందో చూడండని ఇది రాశాము.

మేము రైల్వేలో పార్సెల్ ఆఫీసులో చాలా ఏళ్ళు కూర్చున్నాము. సముద్రం మాకు బుట్టల రూపంలో తెలుసు. 1980ల్లో తెల్లవారుజామున తాటాకు బుట్టల్లో, వెదురు బుట్టల్లో చేపలు వచ్చేవి. కింద ఐసు కరిగి కారుతూ, మా వే బిల్లు కాగితాలు తడిసేవి. ఒక్కొక్కరి పేరు మీద ఒకటో రెండో బుట్టలు. తీసుకొచ్చేది ఎక్కువగా ఆడవాళ్ళే. కవళ్ళ కాలం, నెత్తళ్ళ కాలం, వంజరం కాలం అన్నీ మాకు వాసనతోనే తెలిసేవి. తర్వాత బుట్టలు పోయి ప్లాస్టిక్ క్రేట్లు, థర్మోకోల్ పెట్టెలు వచ్చాయి. బరువు పెరిగింది. ఒకే పేరు మీద ఇరవై పెట్టెలు. ఆ పేరు వ్యాపారిది. ఆడవాళ్ళ పేర్లు వే బిల్లుల మీద తగ్గుతూ వచ్చాయి. పడవ మారిందని మాకు ఎవరూ చెప్పలేదు, కాగితాలే చెప్పాయి.

పడవ ఒక్క రోజులో మారలేదు. 1952లో నార్వే వాళ్ళతో ఒప్పందం అయి కేరళలో ఇంజను పడవలు మొదలయ్యాయి. 1979లో బంగాళాఖాతం ప్రోగ్రామ్ అని ఐక్యరాజ్యసమితి ఆహార సంస్థ మద్రాసులో ఆఫీసు పెట్టి, అల విరిగే ఇసుక ఒడ్డున దిగగలిగే పడవ ఎలా చెయ్యాలని ఏళ్ళ తరబడి నమూనాలు కట్టి చూసింది. కన్యాకుమారి వైపు ముట్టంలో ప్లైవుడ్ పడవలు కట్టారు. ఇంకో పక్క తెప్పకు కావలసిన మాను ఖరీదు పెరుగుతూ పోయింది. ఆ తర్వాత ఫైబరు. అచ్చులో గాజు నార పరిచి రెసిన్ పూసి పొరలు పొరలుగా చేస్తారు. దానికి పొడుగు తోక ఉన్న తొమ్మిది పది హార్స్‌పవర్ డీజిల్ ఇంజను. అందుకే ఫైబరు ఎవరో కుట్ర చేసి తెచ్చింది కాదు. మాను దొరక్క, దగ్గర నీళ్ళలో చేప తగ్గి, దూరం పోవాల్సి వచ్చి, వచ్చింది.

ఇప్పుడు మా సంగతి.

2004 డిసెంబరు 26 ఆదివారం. ఆ రోజు గురించి కొత్తగా రాయనక్కరలేదు. కొన్ని వారాల తర్వాత మన సంఘం తరఫున మేము నలుగురం పళవేర్కాడు వైపు ఒక కుప్పానికి పోయాము. అక్కడ ఇళ్ళలో సగం తెలుగు, సగం అరవం. బియ్యం, దుప్పట్లు ఇచ్చాక, వాళ్ళు అడిగింది ఒకటే: అర్జీలు రాసిపెట్టమని. పడవలు ఇస్తామని ఒక సంస్థ వచ్చింది, ఫారాలన్నీ అరవంలో ఉన్నాయి. మాది అరవం చదువు, పైగా గుమాస్తా పని. ఫారం నింపడంలో మాకు మించినవాళ్ళు అక్కడ లేరు. ఒక చెట్టు కింద బల్ల వేసుకుని మూడు ఆదివారాలు రాశాము.

ఒక పెద్దాయన వచ్చాడు. అరవైకి దగ్గర. ఆయన తెప్ప మానులు నాలుగూ కొట్టుకుపోయాయి, ఒక్కటి మాత్రం తోటలో దొరికింది. ఏం కావాలని రాయమంటావు మామా అని అడిగాము.

"మూడు మానులు, తాడు, ఒక వల. అంతే అబ్బయ్యా. ఒక మాను ఉంది కదా" అన్నాడు.

మేము నవ్వాము. ఇప్పుడు ఆ నవ్వు తలుచుకుంటే సిగ్గుగా ఉంటుంది. "దేశమంతా ఇస్తా ఉంటే మూడు మానులు అడుగుతావా మామా? ఫైబరు అడుగు. ఇంజను వస్తుంది. మళ్ళీ ఎప్పుడిస్తారు?" అన్నాము. ఆయన తల గోక్కున్నాడు. "నాకు ఇంజను తెలవదే" అన్నాడు. నేర్చుకుంటావులే అన్నాము. చుట్టూ ఉన్నవాళ్ళు కూడా అదే అన్నారు. ఆయన వేలిముద్ర వేశాడు. 'కావలసినది' అనే గడిలో ఫైబరు పడవ అని మా అక్షరాలతోనే రాశాము.

పడవ వచ్చింది, అబద్ధం చెప్పకూడదు. కానీ మనిషికి ఒకటి రాలేదు. నలుగురికి కలిపి ఒకటి. అప్పట్లో చాలాచోట్ల అలాగే ఇచ్చారు. మేము సంతోషపడ్డాము, ఫోటో కూడా తీశాము.

మూడేళ్ళ తర్వాత ఒక పెళ్ళికి ఆ పక్క పోయినప్పుడు కుప్పంలో దిగాము. ఫైబరు పడవ ఇసుక మీద బోర్లా ఉంది. పక్కన చీలిక. పెద్దాయన నీడలో కూర్చుని ఎవరిదో వల అల్లుతున్నాడు. నలుగురిలో ఒకరు చెన్నైకి కూలికి పోయారు. ఇద్దరికీ డీజిల్ లెక్క దగ్గర మాట పడింది. ఇంజను రిపేరుకు వ్యాపారి దగ్గర అడ్వాన్సు తీసుకున్నారు, తీసుకున్నాక చేప ఆయనకే, ఆయన చెప్పిన ధరకే. చివరికి ఇంజను అమ్మి అప్పు కట్టారు.

ఆయన మమ్మల్ని ఒక్క మాట అనలేదు. టీ తెప్పించాడు. మేమే ఉండబట్టలేక, "మామా, మేము అలా రాయకుండా ఉండాల్సింది" అన్నాము.

ఆయన వల మీంచి తల ఎత్తకుండా, "మీరేం చేస్తారు అబ్బయ్యా, మంచికే రాశారు. ముందు నేను లేచినప్పుడు సముద్రానికి పోయేవాణ్ణి. దాని మీద నలుగురూ లేచినప్పుడు పోవాల. అంతే తేడా" అన్నాడు.

అంతే తేడా. పార్సెల్ ఆఫీసులో ఎన్ని వే బిల్లులు చదివినా మాకు ఆ తేడా కనపడలేదు. తెప్ప ఒక మనిషి పడవ. ఆయన ఒక్కడే కట్టుకుంటాడు, ఒక్కడే నెట్టుకుంటాడు, తెగితే తాడు మార్చుకుంటాడు. తెచ్చిన నాలుగు చేపలు భార్య బుట్టలో పెట్టుకుని పోయి అమ్ముతుంది. ఫైబరు పడవ నలుగురైదుగురు లేనిదే ఇసుక మీద కదలదు. ఇప్పుడు చాలా ఒడ్డుల్లో ట్రాక్టరుతో లాగుతున్నారు, దానికీ డబ్బు. దానికి డీజిల్ కావాలి, మెకానిక్ కావాలి, ఖర్చుకు తగ్గ చేప కావాలి, అంత చేప ఒకేసారి కొనే వ్యాపారి కావాలి. వచ్చిన దాంట్లో ముందు డీజిల్ ఖర్చు, తర్వాత పడవ పాలు, వల పాలు, ఇంజను పాలు పోయి మిగిలింది మనుషులకు.

ఇక్కడితో ఆపేస్తే తెప్ప మంచిది, ఫైబరు చెడ్డది అని మేము చెప్పినట్టు అవుతుంది. అలా కాదు. ఆ రోజే ఆయన మనవడు, పద్దెనిమిదేళ్ళ కుర్రవాడు, పక్కనే నిలబడి మాటలన్నీ విన్నాడు. వాడు వేరేవాళ్ళ ఫైబరు పడవలో పనికి పోతున్నాడు. మమ్మల్ని బస్సు దాకా దిగబెట్టడానికి వచ్చి దారిలో అన్నాడు: "మా తాత మోకాళ్ళు చూశారా సార్? నలభై ఏళ్ళు ఉప్పు నీళ్ళలో మోకాళ్ళ మీద కూర్చున్నాడు. పుండు ఆరేది కాదు. తెడ్డేసుకుని మూడు గంటలు పోయే చోటికి మేము అర్ధగంటలో పోతాము. గాలి మారిందంటే వెనక్కి వచ్చేస్తాము. మా నాయన తెప్ప మీద పోయి తుపానుకు తిరిగి రాలేదు."

దానికి మేము ఏం చెప్పగలం? ఆ మోకాళ్ళు మేమూ చూశాము. వాటిని చూసినవాళ్ళు తెప్పను బొమ్మగా గోడకు తగిలించుకుని పొగడలేరు. కొత్త పడవలో ఐసు పెట్టె ఉంది, ఫోను ఉంది, జీపీఎస్ ఉంది, పొడిగా కూర్చునే చోటు ఉంది. అది చిన్న సంగతి కాదు. మన గ్రూపులో కోప్పడ్డ తమ్ముడి మాటలో నిజం ఇదే.

రిటైరయ్యాక పాసు మీద మేము దంపతులం పూరీ పోయాము. జగన్నాథుడి దర్శనం అయ్యాక సముద్రం ఒడ్డున పెంఠకట వైపు నడిచాము. ఒడియా ఊళ్ళో నాలుగు వైపులా తెలుగు వినపడింది. తరాల కింద వచ్చి స్థిరపడ్డ మనవాళ్ళు. వాళ్ళ తెలుగు మా తెలుగు కాదు, మా తెలుగు వాళ్ళకు సగం అరవంలా వినపడి నవ్వారు. అయినా తెప్ప అంటే తెప్పే, తెడ్డు అంటే తెడ్డే. ఉత్తరపు తెప్ప మన వైపు కట్టుమరంలా చదునుగా ఉండదు, పడవ ఆకారం వచ్చేలా మానులు చెక్కుతారు. మద్రాసు చేపల శాఖలో పెద్ద పదవిలో ఉన్న జేమ్స్ హార్నెల్ వందేళ్ళ కిందటే ఈ రెండు రకాల తేడా రాసి పెట్టాడు. ఒకే తీరంలో కూడా ఊరు మారితే తెప్ప మారింది, అల మారింది కాబట్టి. ఉత్తరాంధ్రలో ఇప్పుడు ఇంకో రకం వచ్చింది, ఫైబరు తెప్ప. ఆకారం పాత తెప్పదే, పైన ఫైబరు, లోపల నురగ. నీళ్ళు పీల్చదు, మునగదు, చిన్నది. పాతదాన్ని పారెయ్యకుండా, దాని గుణం పట్టుకుని కొత్త సరుకుతో చేశారు. 2005లో ఆ చెట్టు కింద బల్ల దగ్గర ఎవరైనా మాకు ఇలాంటిది ఒకటి ఉందని చెప్పి ఉంటే! చెప్పకపోవడం వాళ్ళ తప్పు కాదు, మేము అడగలేదు.

ఫైబరుకు ఇంకో కష్టం ఉంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. తెప్ప మాను పాతదైతే పొయ్యిలోకి పోతుంది, లేకపోతే గుమ్మం ముందు అరుగు అవుతుంది. పగిలిన ఫైబరు పడవ ఏమీ కాదు. కాలిస్తే విషపు పొగ, వదిలేస్తే ఇసుకలో అలాగే పడి ఉంటుంది. చెన్నై నుంచి పైకి ఏ కుప్పానికి పోయినా అలాంటివి ఒకటో రెండో చూస్తారు.

మన సంఘం సహాయ నిధికి ఈసారి పడవ కోసం ఒక అర్జీ వచ్చిందని, మా అభిప్రాయం చెప్పమని పెద్దలు అడిగారు. ఇవ్వవద్దని మేము అనడం లేదు. ఇవ్వండి. కానీ ఫారంలో 'కావలసినది' అనే గడి నింపే ముందు ఆ మనిషిని కూర్చోబెట్టి అడగండి. దీన్ని నెట్టడానికి ఎంతమంది కావాలి, వాళ్ళు రోజూ ఉంటారా? చెడితే ఎవరు బాగుచేస్తారు, ఆ డబ్బు ఎక్కడిది? చేప ఎవరికి అమ్ముతావు, ధర ఎవరు చెబుతారు? ఇంట్లో ఆడమనిషి చేతికి ఏమైనా వస్తుందా? జవాబు విన్నాక ఆయన చెప్పిందే రాయండి. ఆయన మూడు మానులు అంటే నవ్వకండి. పెద్ద ఇంజను అంటే కూడా నవ్వకండి. కలం మన చేతిలో ఉన్నంత మాత్రాన సముద్రం మనకు తెలిసినట్టు కాదు.

పెద్దాయన పోయి ఆరేళ్ళయింది. మనవడు ఇప్పుడు సొంత ఫైబరు పడవ వాడు, ఇద్దరు భాగస్థులు, అప్పు సగం తీరిందట. బాగున్నాడు. తోటలో దొరికిన ఆ ఒక్క మాను వాళ్ళ గుమ్మం ముందే ఉంది. మొన్న పోయినప్పుడు దాని మీదే కూర్చుని టీ తాగాము. తాడు రాసుకుపోయిన గాడి ఇంకా చేతికి తగులుతుంది.

ఫ్లోరిడా మనవడికి మాత్రం జవాబు బాకీ ఉంది. ఈ రాత వాడికి చదవడం రాదు, ఫోనులో మేమే చదివి వినిపిస్తాము. "నీ ఆట బోటుకు వెనక అల చూస్తారు కదా, మా పడవకు ముందు అల చూడాలి, ఆ తర్వాత దాన్ని నెట్టే మనిషిని చూడాలి" అని చెబుతాము. వాడికి అర్థమవుతుందో లేదో.

మీ ఇళ్ళలో తెప్ప, పడవ, వల గురించి పాత మాటలు తెలిసిన పెద్దవాళ్ళు ఉంటే దయచేసి అడిగి కింద రాయండి. యానాం వాళ్ళు, పూరీ, బరంపురం వాళ్ళు ముఖ్యంగా. తాడు ముడికి ఒక పేరు, మానుకు ఒక పేరు, గాలికి ఒక పేరు ఉండేది, మేము విన్నాము కానీ రాసి పెట్టుకోలేదు. మా రాతలో తప్పులుంటే దిద్దండి. మాది అరవ బడి, ఇంటి తెలుగు.